‘మీ అమ్మాయి ఒంటి తత్వం’ అన్న మాట దగ్గర ఆగిపోకండి

ప్రశ్న: మాది పల్నాడు ప్రాంతం. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. మా పెద్దమ్మాయికి ఇరవై ఏళ్లు, బీటెక్ చదువుతోంది. ఫిట్స్‌కి రెండేళ్లుగా వాల్‌ప్రోయేట్ మాత్రలు వాడుతోంది. పద్నాలుగు నెలల క్రితం మళ్లీ ఫిట్స్ వస్తే పట్నంలో న్యూరాలజిస్టుకి చూపించాం. పాత మందు అలాగే ఉంచి, కొత్తగా లామోట్రిజిన్ 50 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మొదలుపెట్టారు. పదమూడో రోజున జ్వరం, గొంతునొప్పి, కళ్లమంట వచ్చాయి. మా ఊళ్లో డాక్టరు వైరల్ జ్వరమన్నారు. పదిహేనో రోజున ఛాతీ మీద ఎర్రగా దద్దుర్లు వచ్చాయి. మా అమ్మ ‘అమ్మవారు పోసింది’ అని వేపాకు పరిచి పడుకోబెట్టింది. మర్నాడు ఆసుపత్రికి ఫోన్ చేస్తే ‘ఎలర్జీ అయ్యుంటుంది, సెట్రిజిన్ వేయండి, ఫిట్స్ మాత్రలు మాత్రం ఆపొద్దు’ అన్నారు. ఆపలేదు. పంతొమ్మిదో రోజుకి ఒళ్లంతా బొబ్బలెక్కి, చర్మం ముట్టుకుంటే ఊడి వచ్చింది. ఇరవై మూడు రోజులు ఐసీయూలో ఉంచారు. తొమ్మిదిన్నర లక్షలైతే ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద కొంత వచ్చింది. కాగితాల మీద స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అని రాశారు. బతికి బయటపడింది గానీ కళ్లలో నీరు ఊరదు, వెలుతురు చూడలేదు, చదువు ఆగిపోయింది. ఆ డాక్టరు గారిని అడిగితే ‘మీ అమ్మాయి ఒంటి తత్వం, ఎక్కడో ఒకరికి ఇలా అవుతుంది’ అన్నారు. అమెరికాలో ఉన్న మా బావమరిది మందుల కంపెనీ మీద కోట్లకి కేసు వేయమంటున్నాడు. మా అమ్మేమో తను వేపాకు పరిచినందుకే ఇలా అయిందని కుమిలిపోతోంది. తప్పెవరిది? మేం ఏం చేయగలం?

సమాధానం: మాస్టారు గారూ, ముందు ఈ నాలుగు మాటలూ మీ అమ్మగారికి చదివి వినిపించండి. వేపాకు వల్ల ఈ జబ్బు రాలేదు, పెరగలేదు కూడా. ఒంటి మీద ఎర్రటి పొక్కులు కనిపిస్తే అమ్మవారని చల్లగా పడుకోబెట్టడం మన ఇళ్లలో తరతరాలుగా ఉన్నదే. ఆవిడ ఒక్కరోజు పడుకోబెట్టారు, మర్నాడే మీరు ఆసుపత్రికి ఫోన్ చేశారు. ఆ ఫోన్‌కి సరైన జవాబు వచ్చి ఉంటే కథ వేరుగా ఉండేది. ఆ బరువు మోయాల్సింది మీ అమ్మగారు కాదు.

నేను లాయర్ని, డాక్టర్ని కాను. అందుకే మీ ఉత్తరంలోని వైద్యం సంగతులను చర్మవ్యాధుల నిపుణురాలైన ఒక స్నేహితురాలితో మాట్లాడి, ఆవిడ చెప్పింది సరిగ్గా అర్థం చేసుకున్నాకే రాస్తున్నాను.

ఈ జబ్బును 1922లో న్యూయార్కులో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు డాక్టర్లు మొదట వర్ణించారు. ఒంటి మీద చర్మం పదో వంతు లోపు ఊడితే స్టీవెన్స్-జాన్సన్ అంటారు. మూడో వంతుకు దగ్గరగానో, అంతకు మించో ఊడితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్ అంటారు. డాక్టర్లు దాన్ని ‘టెన్’ అని పొట్టిగా పిలుస్తారు. రెండూ ఒకే జబ్బుకు రెండు మెట్లు. పెద్ద మెట్టులో ప్రతి పదిమందిలో ముగ్గురి దాకా ప్రాణం పోతుంది. మందును చూసి శరీరంలోని రక్షక కణాలే తిరగబడి సొంత చర్మాన్ని చంపేస్తాయి. కాలిన గాయానికి చేసినట్టే వైద్యం చేయాల్సి వచ్చేది అందుకే. నోరు, కళ్లు, మూత్రద్వారం లాంటి తడిపొరలున్న చోటల్లా ఇది పాకుతుంది. ఎక్కువగా కొత్త మందు మొదలుపెట్టిన నాలుగో రోజు నుంచి నాలుగో వారం మధ్య బయటపడుతుంది. ముందు జ్వరం, గొంతునొప్పి, కళ్లమంట, ఆ తర్వాతే దద్దుర్లు. మీ ఉత్తరంలోని తేదీలు దీనికి అచ్చుగుద్దినట్టు సరిపోతున్నాయి.

కోర్టు మాట ఎత్తకముందే ఒక పని చేయండి. అమ్మాయిని ఈ వారంలోనే కంటి ఆసుపత్రికి తీసుకెళ్లండి. పక్కనున్న కళ్లజోళ్ల షాపుకో, మామూలు కంటి డాక్టరు దగ్గరికో కాదు. కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పొర, దాని నిపుణులున్న పెద్ద చోటికి తీసుకెళ్లాలి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ జబ్బు మిగిల్చే కంటి కష్టాలకు చాలాకాలంగా వైద్యం చేస్తున్నారు. డబ్బు కట్టలేనివారికి అక్కడ ఉచితంగానూ చూస్తారు. ఎందుకింత తొందరంటే, ఈ జబ్బు మానాక కూడా కంటికి హాని ఆగదు. రెప్ప లోపలి అంచు మెత్తదనం పోయి గరుకెక్కుతుంది. వెంట్రుకలు లోపలికి తిరుగుతాయి. ఇక ప్రతి రెప్పపాటుకూ అది నల్లగుడ్డును గీరుతూ ఉంటుంది. రోజుకు వేలసార్లు రెప్ప వేస్తాం కదా, గీత మీద గీత పడి నెలలు, ఏళ్లు గడిచేసరికి నల్లగుడ్డు మసకబారుతుంది. గరుకెక్కిన ఆ అంచును తీసేసి నోటి లోపలి పొరను తెచ్చి అతికే శస్త్రచికిత్స ఉంది. కన్నీటిని పట్టి ఉంచే పెద్ద లెన్సులు ఉన్నాయి. చూపు తగ్గాక చేసే వైద్యం కన్నా తగ్గకుండా చేసే వైద్యం చాలా తేలిక. వెలుతురు చూడలేకపోతోందని రాశారు చూడండి, ఆ గీతలు పడుతున్నాయేమోనన్నదే నా భయం.

ఇంకో సంగతి అమ్మాయి తల్లిగారి చేత నెమ్మదిగా అడిగించండి. ఈ జబ్బులో ఆడపిల్లలకు జననాంగాల దగ్గరి పొరలు కూడా పుండ్లుపడి, మానేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. సిగ్గుపడి ఎవరూ చెప్పరు, అడగకపోతే చాలామంది డాక్టర్లు చూడరు. ఒక్కసారి లేడీ డాక్టరుకి చూపించడం మంచిది. ఐసీయూలో అన్ని రోజులు ఉండి వచ్చిన పిల్ల రాత్రులు ఉలిక్కిపడుతున్నా, అద్దం చూడనంటున్నా అది మొండితనం అనుకోవద్దు. దానికీ వైద్యం ఉంది.

మూడోది ఒక కార్డు. ‘లామోట్రిజిన్ వల్ల స్టీవెన్స్-జాన్సన్ వచ్చింది’ అని తెలుగులో, ఇంగ్లీషులో రాయించి, ప్రాణం ఉన్నంతకాలం పర్సులో పెట్టుకోమనండి. ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫీనోబార్బిటోన్ కూడా దాదాపు అదే కుదురు మందులు. ఫిట్స్‌తో స్పృహ తప్పి ఏ అత్యవసర విభాగానికి వెళ్లినా అలవాటుగా ఎక్కించే సూది ఫెనిటాయినే. ఆ క్షణంలో మీరు పక్కన ఉంటారో లేదో. కార్డు ఉండాలి.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, తప్పెవరిది?

డాక్టరు గారు ‘ఒంటి తత్వం’ అనడంలో సగం నిజముంది. పది లక్షల జనాభాలో ఏడాదికి కొద్దిమందికే వచ్చే జబ్బు ఇది. ఒకే మందు అంతే మోతాదులో వెయ్యిమంది వేసుకుంటే దాదాపు అందరికీ ఏమీ కాదు. జన్యువుల పాత్రా ఉంది. కార్బమజెపిన్ విషయంలో తైవాన్ పరిశోధకులు 2004లో ఫలానా జన్యువు ఉన్నవారికే ఈ ముప్పు ఎక్కువని తేల్చారు. 2007లో అమెరికా ప్రభుత్వం ఆ మందు ఇచ్చే ముందు ఆసియా మూలాలున్నవారికి ఆ పరీక్ష చేయమని హెచ్చరిక పెట్టింది. లామోట్రిజిన్‌కి అంత స్పష్టమైన పరీక్ష లేదు. కాబట్టి ‘ముందే పరీక్ష చేయలేదు’ అని మీరు వాదించలేరు. ‘అసలు ఈ మందు ఎందుకు రాశారు’ అనీ వాదించవద్దు. వయసులో ఉన్న ఆడపిల్లలకు వాల్‌ప్రోయేట్ కన్నా లామోట్రిజినే మేలని న్యూరాలజిస్టులు ఎంచుకుంటారు, ఎందుకంటే గర్భం వచ్చినప్పుడు వాల్‌ప్రోయేట్ బిడ్డకు హాని చేస్తుంది. మందు ఎంపిక సరైనదే. మంచి మందే రాశారని మీ ఫిర్యాదులో మీరే ఒప్పుకుంటే మిగతా మాటకు బలం వస్తుంది.

ఆ మిగతా మాట మోతాదు. మీ ఉత్తరంలో నన్ను నిలబెట్టేసింది ‘పొద్దున ఒకటి, రాత్రి ఒకటి’ అన్న ముక్క. లామోట్రిజిన్‌తో వచ్చే దద్దుర్లకు మూడు దోహదాలని ఆ మందు పెట్టెలో మడిచి పెట్టే కాగితమే చెబుతుంది. వాల్‌ప్రోయేట్‌తో కలిపి ఇవ్వడం, మొదటి మోతాదు ఎక్కువ ఇవ్వడం, తర్వాత తొందరగా పెంచడం. వాల్‌ప్రోయేట్ పక్కన ఉంటే లామోట్రిజిన్ ఒంట్లోంచి బయటికి పోవడానికి పట్టే సమయం రెండింతలవుతుంది. అందుకని వాల్‌ప్రోయేట్ వాడుతున్న పెద్దవాళ్లకు 25 మిల్లీగ్రాముల మాత్ర రోజు విడిచి రోజు, అలా రెండు వారాలు ఇవ్వాలి. ఆ తర్వాత రెండు వారాలు రోజుకొకటి. మీ అమ్మాయికి మొదటి రోజు నుంచే 100 మిల్లీగ్రాములు పడింది. రోజు విడిచి రోజు లెక్కన చూస్తే ఎనిమిది రెట్లు. ఇది ఒంటి తత్వం కాదు, మందు చీటీ మీద సిరాతో రాసి ఉన్న అంకె. ఆ చీటీ పోగొట్టుకోలేదని ఆశిస్తున్నాను.

రెండోది ఆ ఫోన్. ఈ మందు మొదలుపెట్టిన కొద్ది వారాల్లో దద్దురు కనిపిస్తే, అది మందు వల్ల కాదని స్పష్టంగా తేలితే తప్ప, మందు ఆపాలన్నదే అందరూ పాటించే పద్ధతి. ‘హఠాత్తుగా ఆపితే ఫిట్స్ వస్తాయని ఆపొద్దన్నాం’ అని వాళ్లు జవాబిస్తారు. ఆ భయం అబద్ధం కాదు. కానీ వాల్‌ప్రోయేట్ నడుస్తూనే ఉంది కదా. జ్వరం, కళ్లమంట, దద్దుర్లు మూడూ కలిసి వచ్చాయని విన్నాక, ‘వెంటనే తీసుకురండి, చూస్తాం’ అనకుండా చూడని రోగికి సెట్రిజిన్ చెప్పడం ఏ న్యూరాలజిస్టూ సమర్థించలేడు. ఫోన్‌లో వైద్యం చెప్పడానికి మన దేశంలో 2020 నుంచి మార్గదర్శకాలున్నాయి. నేరుగా చూడాల్సిన జబ్బని అనిపిస్తే రమ్మని చెప్పడం డాక్టరు బాధ్యతేనని అవి అంటాయి. పదహారో రోజు నుంచి పంతొమ్మిదో రోజు దాకా ఆరు మాత్రలు అనవసరంగా లోపలికి వెళ్లాయి. కేసు అంటూ నడిస్తే ఆ ఆరు మాత్రల చుట్టూనే నడుస్తుంది.

మీ ఊరి డాక్టరు సంగతి వేరు. పదమూడో రోజున జ్వరం, గొంతునొప్పి, కళ్లమంట ఉన్నాయి గానీ దద్దుర్లు ఇంకా లేవు. కొత్త మందేమైనా వాడుతోందా అని ఆయన అడగాల్సింది, నిజమే. కానీ ఆయన్ని కూడా ప్రతివాదిగా లాగితే కేసు పలుచబడుతుంది. నేనైతే లాగను.

చట్టం ఏమంటుందో చూద్దాం. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. ఖర్చు బీమా కంపెనీయో, ఉద్యోగ నిబంధన ప్రకారం యజమానో భరించినా రోగి వినియోగదారుడేనని అదే తీర్పు చెప్పింది. కాబట్టి పథకం కింద కొంత డబ్బు వచ్చిందన్నది మీకు అడ్డు కాదు. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రులు మాత్రం ఈ చట్టం కిందికి రావు, అక్కడ జరిగిన తప్పుకు సివిల్ కోర్టు దారి పట్టాలి.

నిర్లక్ష్యం అంటే ఏమిటన్నది 2005లో జేకబ్ మాథ్యూ కేసులో స్పష్టం చేశారు. ఫలితం చెడితే నిర్లక్ష్యం కాదు. ఆ విద్యలో మామూలు నేర్పు ఉన్న డాక్టరు ఆ పరిస్థితిలో చేయాల్సింది చేయకపోతే నిర్లక్ష్యం. ఇదే జబ్బు మీద నడిచి దేశమంతా చర్చకు వచ్చిన కేసు ఒకటుంది. అమెరికాలో స్థిరపడిన డాక్టర్ కునాల్ సాహా భార్య అనురాధ, పిల్లల మానసిక నిపుణురాలు, 1998లో సెలవులకు కోల్‌కతా వచ్చి దద్దుర్లతో జబ్బుపడ్డారు. రోజుల తరబడి ఉండిపోయే డెపో-మెడ్రాల్ అనే స్టెరాయిడ్ సూదిని రోజుకు రెండుసార్లు చొప్పున రాశారు. ఆ మే 28న ముంబయిలో టెన్‌తో కన్నుమూశారు. సుప్రీంకోర్టు 2009లో నిర్లక్ష్యం జరిగిందని చెప్పింది. 2013 అక్టోబరులో దాదాపు ఆరు కోట్ల పరిహారాన్ని ఖాయం చేసింది, వడ్డీతో కలిపి పదకొండు కోట్ల దాకా అయింది. ఆ కేసులో కోర్టు జబ్బు ఎందుకు వచ్చిందని డాక్టర్లను తప్పుపట్టలేదు. వచ్చాక చేసిన వైద్యాన్ని చూసి తప్పుపట్టింది. మీ అమ్మగారికి పనికొచ్చే ముక్క కూడా అందులో ఉంది. భర్త వైద్యంలో తలదూర్చారని జాతీయ వినియోగదారుల కమిషన్ పరిహారంలో పది శాతం కోత పెడితే సుప్రీంకోర్టు ఆ కోతను కొట్టేసింది. మీ కేసులో అవతలి లాయరు వేపాకు ప్రస్తావన తప్పకుండా తెస్తాడు. రానివ్వండి.

ఆ కోట్ల అంకె చూసి ఆశ పెంచుకోవద్దు. అది అమెరికా సంపాదన లెక్కన కట్టింది, పైగా పదిహేనేళ్లు పట్టింది. మన హైదరాబాద్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన వి. కిషన్‌రావు గారి కేసు చూడండి. ఆయన మలేరియా శాఖలో అధికారి. 2002లో ఆయన భార్యకు మలేరియా వస్తే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టైఫాయిడ్ అని వైద్యం చేశారు. జిల్లా ఫోరం రెండు లక్షల పరిహారం ఇస్తే, పై కమిషన్లు నిపుణుడి సాక్ష్యం లేదని కొట్టేశాయి. సుప్రీంకోర్టు 2010లో ఆ పరిహారాన్ని నిలబెట్టి, తప్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని చెప్పింది. ఆయనకు దక్కింది రెండు లక్షలే గానీ, ఆ ఒక్క మాట మీలాంటి ఎందరికో దారి తెరిచింది. అయినా మీరు మాత్రం ప్రభుత్వ వైద్య కళాశాలలో చర్మవ్యాధుల ప్రొఫెసరు దగ్గరో, న్యూరాలజీ ప్రొఫెసరు దగ్గరో రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. మోతాదు లెక్కను ఆయన రాస్తే ఇక వాదించడానికి పెద్దగా మిగలదు.

గడువు విషయంలో జాగ్రత్త. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం రెండేళ్ల లోపు ఫిర్యాదు వేయాలి. మీకు పద్నాలుగు నెలలు గడిచిపోయాయి, మిగిలింది పదే. తగిన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది గానీ దాని మీద ఆధారపడొద్దు. చేతిలో పది నెలలుండగా పదకొండో నెల గురించి ఆలోచించడం ఎందుకు?

ఇక్కడ మీరు గమనించని సంగతి ఒకటుంది. అమ్మాయికి ఇరవై ఏళ్లు. అంటే ఫిర్యాదుదారు తనే, మీరు కారు. ఖర్చు పెట్టిన తండ్రిగా మీ పేరు రెండోది. కాగితాలు కావాలని రాసే అర్జీ మీద కూడా తన సంతకమే ఉండాలి. ఆ సంతకం పెట్టే ముందు తనకి కేసు కావాలో వద్దో తననే అడగండి. కమిషన్ ముందు ఫోటోలు పెట్టాలి, ఒళ్లు ఊడిన రోజుల్ని మళ్లీ చెప్పాలి. తను సరేనంటేనే ముందుకి.

సరేనంటే, రేపే రెండు ఆసుపత్రులకూ రిజిస్టర్డ్ పోస్టులో అర్జీ పంపించండి. అడిగిన 72 గంటల్లో కేసు షీటు నకళ్లు ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి చెబుతుంది. చేర్చుకున్న రోగుల రికార్డులు మూడేళ్లు దాచాలని కూడా అందులోనే ఉంది. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటే చాలదు. నర్సులు రాసే రోజువారీ చార్టు, చేర్చుకున్న రోజు చర్మం ఎంత శాతం ఊడిందో రాసిన కాగితం, కంటి డాక్టరు చూశారా, ఏ రోజున చూశారు అన్నది, బయాప్సీ రిపోర్టు, అన్నీ అడగండి. ఇంట్లో ఉన్నవి వెతకండి. మందు చీటీ, మందుల షాపు బిల్లు, మిగిలిపోయిన మాత్రల అట్ట. అట్టలో ఖాళీ అయిన గళ్లు కూడా లెక్కకు పనికొస్తాయి, పారేయకండి. పదహారో రోజు ఫోన్ చేసిన సెల్లు ఎవరిదో అది మార్చకండి, అమ్మకండి. కాల్ రికార్డు కాలం గడిచేకొద్దీ ఫోన్ కంపెనీ దగ్గర కూడా మాసిపోతుంది కాబట్టి తెర ఫోటో తీసి దాచుకోండి. వాట్సాప్‌లో దద్దుర్ల ఫోటో ఎవరికైనా పంపి ఉంటే దాని తేదీ, సమయం బంగారం. ఇలాంటి ఫోన్ సాక్ష్యాలకు కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను కింద ఒక ధ్రువపత్రం జతచేయాలి, అది మీ లాయరు రాయిస్తారు. లాయరు తప్పనిసరి కాదు గానీ వైద్య కేసుల్లో లాయరు లేకుండా వెళ్లొద్దని నా సలహా. ఆడపిల్ల కాబట్టి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ నుంచి ఉచిత లాయరును అడిగే హక్కు మీ అమ్మాయికి ఉంది. 1987 చట్టం ఇచ్చిన హక్కది, దయాదాక్షిణ్యం కాదు.

ఫిర్యాదు మీరు నివసించే జిల్లా కమిషన్లోనే వేయవచ్చు, పట్నానికి తిరగక్కర్లేదు. మీరు ఎంత పరిహారం అడుగుతున్నారన్నదాన్ని బట్టి కాకుండా, సేవకు ఎంత చెల్లించారన్నదాన్ని బట్టి ఏ కమిషన్ అన్నది తేలుతుంది. చెల్లించింది 50 లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషనే. అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఆన్‌లైన్లోనూ వేయవచ్చు. డాక్టరును, ఆసుపత్రిని ఇద్దరినీ చేర్చండి. తమ డాక్టరు చేసిన తప్పుకు ఆసుపత్రి బాధ్యత తప్పదు. చాలామంది డాక్టర్లకు ఇలాంటి పరిహారాల కోసమే బీమా ఉంటుంది, కాబట్టి ఆయన కుటుంబాన్ని రోడ్డున పడేస్తున్నామన్న బాధ పెట్టుకోకండి. పరిహారంలో అయిన ఖర్చు ఒక్కటే కాదు, కంటికి ముందుముందు అయ్యే ఖర్చు, పోయిన చదువు సంవత్సరం, పడిన బాధ కూడా చేర్చాలి. ఆ లెక్క కోసమైనా కంటి డాక్టరు రాతపూర్వకంగా ఇచ్చే అంచనా అవసరం. మధ్యవర్తిత్వానికి పంపించే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. ఆసుపత్రి తప్పు ఒప్పుకుని కంటి వైద్యం ఖర్చంతా భరిస్తానంటే, ఏళ్ల తరబడి వాదించడం కన్నా అదే మేలు కావచ్చు. అమ్మాయి వయసుకి కాలమే అన్నిటికన్నా విలువైనది.

పోలీసు కేసు వద్దు. డాక్టరు మీద నేరం నిలబడాలంటే నిర్లక్ష్యం చాలా ఘోరంగా ఉండాలని జేకబ్ మాథ్యూ తీర్పే అంది. అనురాధ సాహా కేసులో కూడా నేరారోపణ నిలబడలేదు, పరిహారమే నిలబడింది. ఆసుపత్రి ముందు టెంటు వేద్దామని మీ బంధువుల్లో ఎవరైనా అంటే గట్టిగా ఆపండి. ఆసుపత్రుల మీద దాడులకు 2008 నుంచి ప్రత్యేక చట్టం ఉంది, న్యాయం మీవైపు ఉన్న కేసు ఒక్క అద్దం పగిలితే తలకిందులవుతుంది. రాష్ట్ర వైద్య మండలికి మాత్రం ఫిర్యాదు చేయవచ్చు. అది డబ్బు ఇప్పించదు, డాక్టరును మందలించగలదు, కొంతకాలం రిజిస్ట్రేషను ఆపగలదు.

మీ బావమరిది గారి సంగతికి వస్తాను. ఆయన చెప్పే కోట్ల తీర్పులు అమెరికాలో ఉన్నమాట నిజమే. ఇదే జబ్బుతో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని కరెన్ బార్ట్‌లెట్ అనే మహిళకు జ్యూరీ రెండు కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది. భుజం నొప్పికి వేసుకున్న సులిండాక్ మాత్ర వల్ల ఒంటి మీద సగానికి పైగా చర్మం పోయి, దాదాపు చూపు కోల్పోయిందావిడ. ఆ తీర్పును కూడా అమెరికా సుప్రీంకోర్టు 2013లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి కొట్టేసింది. జనరిక్ మందు తయారుచేసేవాడు హెచ్చరిక కాగితం సొంతంగా మార్చలేడు కాబట్టి బాధ్యుడు కాడంది. ఆ తీర్పు న్యాయమని నాకు ఇప్పటికీ అనిపించదు. మన దగ్గర 2019 చట్టంలో ఉత్పత్తిదారుడి బాధ్యత మీద ఒక అధ్యాయమే ఉంది గానీ, నిపుణుడి పర్యవేక్షణలోనే వాడాల్సిన వస్తువుకు ఆ నిపుణుడిని సరిగ్గా హెచ్చరించి ఉంటే చాలని 87వ సెక్షను చెబుతుంది. లామోట్రిజిన్ కాగితంలో హెచ్చరిక అచ్చై ఉంది. కంపెనీ చెప్పింది, మీ డాక్టరు పాటించలేదు. కాబట్టి కంపెనీని లాగితే వాళ్ల పెద్ద లాయర్లు మీ పది నెలల్నీ తినేస్తారు తప్ప ఒరిగేదేమీ లేదు. మీ అమ్మాయి వాడిన అట్టలోని మందులోనే నాణ్యతా లోపముందని తేలితే మాట వేరు.

అందరూ అన్నీ సరిగ్గా చేసినా ఈ జబ్బు వచ్చేవాళ్లున్నారు. మోతాదు సరైనదే, డాక్టరు వెంటనే ఆపాడు, అయినా చర్మం ఊడింది. వాళ్లకు మన చట్టంలో ఏ దిక్కూ లేదు, అదే నన్ను బాధిస్తుంది. జపాన్లో 1980 నుంచి, తైవాన్లో 2000 నాటి చట్టంతో, ఎవరి తప్పూ లేకున్నా మందు వికటించినవారికి సాయం చేసే నిధి ఉంది, మందుల కంపెనీలు అందులో డబ్బు వేస్తాయి. మన దగ్గర మందుల ప్రయోగాల్లో పాల్గొన్నవారికి పరిహారం నియమాలున్నాయి. షాపులో కొన్న మందుకు లేవు. ప్రపంచానికి మందులు చేసి పంపే దేశం మనది. హైదరాబాద్ చుట్టుపక్కల ఎన్ని మందుల కర్మాగారాలో చూడండి. ఈ నిధి మనకే ముందు ఉండాల్సింది.

డబ్బు రాకపోయినా తప్పక చేయాల్సిన పని ఒకటి మిగిలింది. మందులు వికటించిన సంగతులు నమోదు చేసే జాతీయ కార్యక్రమం 2010లో మొదలై, 2011 నుంచి ఘాజియాబాద్ కేంద్రంగా నడుస్తోంది. 1800-180-3024 ఉచిత నంబరుకు ఫోన్ చేసి రోగి తరఫున మీరే చెప్పవచ్చు. అలా వచ్చిన సమాచారాన్ని చూసే, నెలసరి నొప్పికి ఆడపిల్లలు తేలిగ్గా వేసుకునే మెఫెనమిక్ యాసిడ్ మీద 2023 నవంబరులో హెచ్చరిక జారీచేశారు. అది కూడా చర్మాన్నీ లోపలి అవయవాలనూ దెబ్బతీసే ఇలాంటి ప్రతిచర్య గురించే.

ఈ ఉత్తరం చదివే మిగతావారిలో ఎవరి ఇంట్లోనైనా ఫిట్స్ మందో, యూరిక్ యాసిడ్‌కి అల్లోప్యూరినాలో, సల్ఫా మాత్రో కొత్తగా మొదలైతే, మొదటి ఎనిమిది వారాలు ఒళ్లు గమనించండి. దద్దురుతో పాటు జ్వరం గానీ, నోట్లో పుండు గానీ, కళ్లమంట గానీ ఉంటే ఫోన్ చేసి ఊరుకోకండి. ఆ పూటే మందు చీటీతో ఆసుపత్రికి వెళ్లి, ‘ఇది ఈ మందు వల్లా?’ అని అడగండి. ఫిట్స్ మందును మీకు మీరు ఆపేయకండి, ఆపాలా వద్దా అన్నది చూసిన డాక్టరు చేత ఆ గంటలోనే తేల్పించుకోండి.

మాస్టారు గారూ, ఒక తెల్ల కాగితం మీద మొదటి మాత్ర వేసిన రోజు నుంచి ఐసీయూ నుంచి బయటికొచ్చిన రోజు దాకా తేదీలు వరసగా రాయండి. ఎవరు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే రాయండి, కోపం కలపకుండా. అమ్మాయి చేత కూడా చదివించండి, తనకి గుర్తున్నవి మీకు గుర్తుండకపోవచ్చు. కంటి ఆసుపత్రి నుంచి తిరిగొచ్చాక ఆ కాగితం, మందు చీటీ నకలు నాకు పంపండి. మీ జిల్లాలో ఇలాంటి కేసులు నిజాయితీగా నడిపే లాయర్ల పేర్లు నేను విడిగా మీకు రాస్తాను.